నిఘా కెమెరాల పనితీరుకు కేబుల్ అమరికే ఆధారం

హైదరాబాద్: 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్లలో 18 మంది మరణించారు. అదే సంవత్సరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. జనసమ్మర్దం గల సంస్థలు నిఘా కెమెరాలను ఏర్పాటు చేసుకుని, దృశ్యాలను 30 రోజుల పాటు భద్రపరచవలసి ఉంటుంది.

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు గల రహదారి పొడవునా దుకాణాలు, శిక్షణ కేంద్రాలు, వసతి గృహాలు ఉన్నాయి. కెమెరా ఎంత మేలైనదైనప్పటికీ, రికార్డరు వరకు కేబుల్ సక్రమంగా లేనిచో అవసరమైన రోజున దృశ్యం లభించదు. నేటి కెమెరాలలో అధిక భాగం ఒకే కేబుల్ ద్వారా విద్యుత్తును, దృశ్యాన్ని అందుకుంటున్నందున, కేబుల్ చెడిన మరుక్షణం కెమెరా నిలిచిపోతుంది.

పొడవు: రాగి నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్లకు మించరాదు. అంతకు మించిన దూరానికి మధ్యలో స్విచ్ గాని, ఆప్టికల్ ఫైబర్ గాని అవసరం.

వర్షపు నీరు: గోడ రంధ్రం వెలుపలి వైపునకు వాలుగా ఉండాలి. రంధ్రంలోనికి వెళ్లే ముందు కేబుల్‌ను కిందికి వంపుగా వదిలినచో నీరు అక్కడే జారిపోతుంది. సముద్రపు పడవలలో స్తంభంపై అమర్చే రాడార్ కేబుల్‌కు సైతం ఇదే పద్ధతి పాటిస్తారు. ఎండకు తట్టుకొనే పైతొడుగు గల కేబుల్‌నే ఆరుబయట వాడాలి.

విద్యుత్ తీగలు: కెమెరా కేబుల్‌ను, విద్యుత్ తీగలను వేర్వేరు గొట్టాలలో అమర్చాలి. ఒకదానినొకటి దాటవలసిన చోట అడ్డంగా, లంబకోణంలో దాటించాలి. పిడుగుల నుండి రక్షణకు సర్జ్ నిరోధకం, ఎర్తింగ్ తప్పనిసరి.

విద్యుత్ స్తంభాలు: 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు ప్రసరించి 5 మంది మరణించారు. అనంతరం నగరంలో విద్యుత్ స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్ల తొలగింపు చేపట్టబడింది. కాబట్టి కెమెరా కేబుళ్లను ఆ స్తంభాలకు కట్టరాదు. భవనం గోడల వెంబడి గాని, భూమిలో వేసిన గొట్టాలలో గాని తీసుకువెళ్లాలి.

పని ముగిసిన పిదప కేబుల్ రెండు చివరలా కెమెరా సంఖ్య రాసి, వెళ్లిన మార్గాన్ని పటంగా భద్రపరచుకోవాలి. రాత్రి వేళ దృశ్యం ఎట్లున్నదో, 30 రోజుల నాటి రికార్డింగు లభించుచున్నదో లేదో నెలకొకసారి సరిచూచుకొనుట మేలు. పరీక్షించని కెమెరా ఉన్నా లేనట్లే.