పదివేలలో పాటల పెట్టెలు

మా రఘునాథపల్లిలో పెళ్ళి బరాతు బయలుదేరిందంటే ఆ సంగతి ఎవరూ వచ్చి చెప్పనక్కరలేదు. కిటికీ రెక్కలే చెబుతాయి. బండిమీది నల్లపెట్టెలు ఒక్క దరువు వేసేసరికి గూట్లో ఇత్తడి గ్లాసులు గొణుగుతాయి. పెళ్ళికి అది తగినదే. వీధిలో నలుగురు ఎగరాలంటే అటువంటి మోత కావాలి కూడాను. వచ్చిన చిక్కల్లా ఏమంటే, మంచి శబ్దమంటే అదేనని మనవాళ్ళకు నమ్మకం కుదిరిపోయింది. ఇంటికొక పాటల పెట్టె కొందామని జనగామకో హనుమకొండకో వెళ్ళినవారు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని వాట్లు?" అని.

ఈ వాట్ల సంగతి ముందు తేల్చుకుందాం. కొన్ని పెట్టెలమీద 5,000 వాట్లని పెద్ద అక్షరాలతో అచ్చువేసి వుంటుంది. పక్కనే చీమతలకాయంత అక్షరాలతో పి.ఎమ్.పి.ఓ. అని వుంటుంది. ఆ లెక్కకు ఒక కట్టుబాటంటూ లేదు. అచ్చువేసేవాడి ఔదార్యాన్నిబట్టి వుంటుంది. మన వంటింట్లో పచ్చడి రుబ్బే మిక్సీ 500 మొదలు 750 వాట్లు. ఏడు మిక్సీలు ఏకకాలంలో తిరిగినంత కరెంటు ఆ చిన్న పెట్టె తాగుతుందా? దానితో ఇచ్చిన అడాప్టరు తిరగేసి చూడండి. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని వుందనుకోండి; రెంటినీ హెచ్చవేస్తే 24 వాట్లు. గోడనుంచి 24 పుచ్చుకునే వస్తువు 5,000 ఎక్కడినుంచి తెచ్చి ఇస్తుంది? చూడవలసిన అంకె ఆర్.ఎమ్.ఎస్. అని రాసి వుండేది. అది ఎప్పుడూ చిన్నదిగానే వుంటుంది.

నిజానికి ఇంటికి కావలసింది కూడా చిన్నదే. సామాన్యమైన స్పీకరు ఒక్క వాటు పుచ్చుకుని, మీటరు దూరంలో 85 లేక 87 డెసిబెల్ శబ్దం చేస్తుంది. ఇంచుమించు మిక్సీ మోత అన్నమాట. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడే డెసిబెల్. చెవికి అది అంతంతమాత్రం. రెండింతల మోత అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు గల గదికి నిజమైన 20 వాట్లుంటే బోలెడు.

మరి డబ్బు దేనికి పెట్టాలి? నా జవాబు ఒక్కటే: మాటలు వినిపించడానికి. తెలుగు పాఠం చెప్పుకునేవాడు ఇంకేమంటాడని మీరు నవ్వవచ్చు. కాని ఇది ఛాందసం కాదు. పాటలో అచ్చుల బరువంతా కింది స్థాయుల్లో వుంటుంది. శ, ష, స అనే మూడింటికీ, క, చ, త, ప వంటి హల్లుల అంచులకూ ఉనికి పై స్థాయుల్లో. 'స'కారపు బలమంతా సెకనుకు 5,000 కంపనాల పైమాటే. వెనుకటి టెలిఫోనులో 3,400 దాటిన శబ్దం వెళ్ళేది కాదు. అందుకే పేరు చెప్పవలసివచ్చినప్పుడు "స అంటే సముద్రంలో స" అని అరవవలసి వచ్చేది. దరువుకోసమే చేసిన పెట్టెల పని కూడా ఇంతే. కింది గుమగుమ పైనున్న హల్లులను మింగేస్తుంది. గొంతు వినబడుతుంది, సాహిత్యం వినబడదు.

వయసు మీరినవారికి ఇది మరీ కష్టం. ముసలితనంలో చెవికి ముందుగా దూరమయ్యేవి ఈ పై స్థాయులే. మా బాపుకు డెబ్బయి ఆరేళ్ళు. వూళ్ళో రేడియోలు బాగా మోగిన రోజుల్లో పెరిగిన మనిషి, పద్యమంటే ప్రాణం. రెండేళ్ళ కిందట ఇంటికొక ఎర్రదీపాల పెట్టె వచ్చింది. వారం తిరక్కుండానే ఆయన ముందుగదిలోకి రావడం మానేశారు. అడిగితే, "పాట వస్తాంది గని మాట వస్తలేదురా" అన్నారు. చెవి డాక్టరుకు చూపించాము. వయసుతో వచ్చిన వినికిడి తగ్గుదలేననీ, ఇప్పటికి యంత్రం అవసరం లేదనీ చెప్పారు. ఇంట్లో తలకొక ఇయర్‌ఫోను చేరి, పిల్లల పాట పిల్లల చెవిలో, మా ఆవిడ పాట ఆవిడ చెవిలో పడిపోగా, ఆయన వాటాకు ఏమీ మిగలలేదు. పదివేలు దాటకుండా ఏం చెయ్యగలమా అని నేను లెక్క వేసింది అప్పుడే.

అందులో సగానికిపైగా స్పీకర్లకే కేటాయించాలి. కొత్తవాటికి ఆ సొమ్ము చాలదు, పాతవాటికి చాలు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారపు సంత వుంది. కోఠీలో గుజరాతీ గల్లీ వుంది. కలకత్తాలో 1970లో మొదలైన సోనోడైన్ వంటి మన కంపెనీల పాత పెట్టెలు, జపాను సెట్లనుంచి విడిపోయిన జతలు ఇటువంటి చోట్ల ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి. కొనేముందు జాలీ తీయించి చూడాలి. కాగితపు గరాటు చుట్టూ వున్న అంచు స్పాంజిదైతే, ఏళ్ళు గడిచాక వేలు తగలగానే పొడిపొడిగా రాలుతుంది. బాగుచేయించవచ్చు గాని ఆ ఖర్చు ధరలో తగ్గించాలి. రబ్బరు అంచైతే చాలాకాలం నిలుస్తుంది. గరాటును రెండు చేతుల వేళ్ళతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గీరుకున్న చప్పుడు వస్తే లోపలి తీగచుట్ట రాసుకుంటోందన్నమాట, వదిలేయండి. ఒక పెన్సిలు సెల్లు జేబులో వేసుకువెళ్ళడం మంచిది. దాని ప్లస్సు ఎర్రకొసకు, మైనస్సు నల్లకొసకు తాకిస్తే గరాటు ముందుకు ఉబకాలి, రెండు పెట్టెల్లోనూ ఒకే తీరున. పైనున్న బుల్లి స్పీకరు దగ్గర చెవి పెట్టి పాట వినడం మరవకండి. హల్లులన్నీ అక్కడినుంచే రావాలి.

జత నాకు 5,500కు కుదిరింది. ఇప్పుడు దొరికే చిన్న ఆంప్లిఫైయర్లు పూర్వపువాటిలా వేడెక్కవు, అరచేతిలో ఇమిడిపోతాయి. ఫోనునుంచి తీగ లేకుండానే పాట అందుకుంటాయి. అడాప్టరుతో సహా 2,800. స్పీకరు తీగలకు ప్రత్యేకమైన ఖరీదు సరుకు అక్కరలేదు. ఇంటి వైరింగుకు వాడే ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు రాగితీగ దివ్యంగా పనిచేస్తుంది, అది 400. పాట ఎలాగూ ఫోనులోనే వుంది. అయితే మెమొరీ కార్డులో ఎవరో నింపి ఇచ్చిన పాటలు బాగా కుదించినవి కావచ్చు. వాటిలో 'స'కారం నీళ్ళలో బుడగలా పలుకుతుంది. ఆ తప్పు స్పీకరుమీద వెయ్యకండి.

ఇక రెండు పెట్టెలెందుకన్న ప్రశ్న. మనకు చెవులు రెండు గనుక. ఎడమపక్క శబ్దం కుడిచెవికి సెకనులో వెయ్యోవంతుకన్నా తక్కువ ఆలస్యంగా చేరుతుంది. ఆ కాస్త తేడాతోనే మనసు దిక్కు పట్టేస్తుంది. ఇంగ్లండులో అలన్ బ్లూమ్లీన్ అనే ఇంజనీరు సినిమా చూస్తూ, బొమ్మ ఒకపక్క నడుస్తుంటే గొంతు మరోపక్కనుంచి రావడమేమని విసుక్కున్నాడట. 1931లో రెండు దారుల శబ్దానికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. స్టీరియో రికార్డులు బజారుకు వచ్చేసరికి 1958 దాకా అయింది; ఆయన 1942లోనే విమాన ప్రమాదంలో పోయాడు. మన పాత సినిమా పాటలు ఒకే దారివి కదా, వాటికి రెండు పెట్టెలు దండగ అనకండి. పెట్టెలు సరిగ్గా పెట్టామా లేదా చెప్పేవి ఆ పాటలే. ఘంటసాల పాత పాట ఒకటి పెట్టి నడుమ కూర్చోండి. గొంతు ఏ పెట్టెలోనూ వుండకూడదు. రెంటి మధ్యనున్న ఖాళీ గోడమీద, మనిషి నిలబడినట్టు నిలవాలి. నిలవక గదంతా పలచగా పరుచుకుంటే ఎర్రకొసా నల్లకొసా ఒకచోట తారుమారైనట్టే.

స్థలం దగ్గరకు వచ్చేసరికి సంసారం అడ్డువస్తుంది. పెట్టెలు రెండూ ఆరడుగుల ఎడంలో, కూర్చునేవారు కూడా ఇంచుమించు అంతే దూరంలో, ముక్కాలిపీట కాళ్ళలాగ వుండాలి. గోడకు అడుగున్నర ఎడం కావాలి, మూలకు నెట్టితే గుమగుమ పెరుగుతుంది. బుల్లి స్పీకరు కూర్చున్నవారి చెవి ఎత్తున వుండాలి. ఒకటి ఫ్రిజ్జుమీద, ఒకటి షోకేసులో పెట్టినవారు స్పీకర్లకు పోసిన డబ్బు సగం పారేసుకున్నట్టే. మా వడ్రంగి 1,200 పుచ్చుకుని మామిడిచెక్కతో రెండు పీటలు చేసి ఇచ్చాడు. వాటిని చూసి మా ఆవిడ, "నడింట్ల గీ పెట్టెలేంది? మనుషులు ఎటు నడవాలె?" అంది. ఆమె మాటా న్యాయమే. పీటల కింద గోనెగుడ్డ అంటించి, పగలు గోడకు జరిపి రాత్రి ముందుకు లాగే ఒడంబడిక కుదిరింది. నేలమీద సున్నంతో వేసిన గుర్తులు ఇంకా వున్నాయి.

అప్పటికీ మాట స్పష్టంగా రాలేదు. దోషం గదిది. స్లాబు కప్పు, నున్నటి గోడలు, తాండూరు బండలు: అన్నీ శబ్దాన్ని తిప్పికొట్టేవే. గది నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టి చూడండి, వెనువెంటనే "ఝుం" అని మిగిలితే మీ గదికీ ఆ రోగమే. మందు మన జిల్లాల్లోనే వుంది. వరంగల్ తివాచీలు 1851లో లండను మహాప్రదర్శన దాకా వెళ్ళాయి. కొత్తవాడ నేతగాళ్ళ వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెళ్ళినాటి జంపఖానా ఒకటి మా పెట్టెలో మడతపెట్టి వుంది. దాన్ని పెట్టెలకూ కుర్చీలకూ నడుమ నేలమీద పరిచాము. పుస్తకాల బీరువా అద్దాల తలుపులు తీసేసి వెనుక గోడకు చేర్చాము. ఎగుడుదిగుడు పుస్తకాల వరుస శబ్దాన్ని చెదరగొడుతుంది. పైసా ఖర్చు లేని ఈ రెండు పనులకూ చెవికి కనిపించిన తేడా ఆంప్లిఫైయరు ఖరీదుకన్నా ఎక్కువ.

మొత్తం 9,900 అయింది. మొదటిరాత్రి పాత నాటక పద్యాలు పెట్టాను. బాపు గడపలో నిలబడి కాసేపు విన్నారు. తరువాత వచ్చి నడిమి కుర్చీలో కూర్చున్నారు. పద్యం మూడోపాదంలో ఒక మాటను గాయకుడికంటే ముందే తానన్నారు. మా చిన్నది ఇయర్‌ఫోను తీసి, "తాతా, ఆ మాటకు అర్థమేంది?" అని అడిగింది. అర్థం చెప్పడానికి ఆయన పాట ఆపమన్నారు. అలా ఆ రాత్రి నాలుగు పద్యాలకు రెండు గంటలు పట్టింది.

ఇప్పుడు మా యింట్లో ఆ నడిమి కుర్చీకోసం పోటీ వుంది. ఆదివారం పూట పిల్లల పాటలకు బాపు లేచి వెనక్కి వెళతారు, వార్తలవేళకు మళ్ళీ వస్తారు. టీవీ శబ్దాన్ని కూడా ఒక తీగతో ఇందులోకే కలిపాము. ఆయన వార్తలు వింటే వీధికంతటికీ తెలిసే బాధ తప్పింది. ఉరుములు మొదలవగానే ప్లగ్గు పీకే పని మా చిన్నదానిది. పెట్టెల వెనుక గాలి రంధ్రాలకు మాత్రం వలగుడ్డ కట్టాలి. మా వూరి బల్లులకు పద్యాలంటే ఇష్టమో, వెచ్చటి చెక్కంటే ఇష్టమో గాని, వారంలో రెండు దూరాయి.