బండి నెత్తి మీద బరువు

మేడారం జాతర దగ్గరపడిందంటే చేగుంటలో మా వెల్డింగ్ షాపు ముందు తూఫాన్లు, బొలెరోలు, ఎర్టిగాలు వరుస కడతాయి. రెండేళ్లకోసారి వచ్చే జాతర. ఇంటిల్లిపాదీ బయలుదేరుతారు. మనుషులు ఎక్కాక గంజులకు, బియ్యానికి, చద్దర్లకు బండిలో చోటుండదు. దాంతో అందరికీ కేరియర్ కావాలి. "అన్నా, పెద్దగ చెయ్, గట్టిగ చెయ్" అంటారు. పైపు కొయ్యకముందే నేను వాళ్లను ఒకటి అడుగుతాను: దాని మీద ఏం పెడతారు?

ఓసారి నిలువెత్తు బంగారం మొక్కు ఉన్న కుటుంబం వచ్చింది. బంగారమంటే బెల్లమే. మొక్కుకున్న మనిషి ఎంత తూగితే అంత బెల్లం అమ్మవార్లకు ఇవ్వాలి. ఆ ఇంటి పెద్దాయన డెబ్బై కిలోలకు తక్కువ ఉండడు. బెల్లమంతా మూటలు కట్టి కప్పు మీద వేసుకుపోదామని వాళ్ల ఆలోచన. "పెదనాయినా, బెల్లం కింద సీట్ల మధ్య పెట్టుండ్రి, చద్దర్లు మీద వేసుకోండ్రి" అన్నాను. "మరి కేరియర్ ఎందుకురా, బెల్లం ఆగకపోతే?" అన్నాడాయన. న్యాయమైన ప్రశ్నే. జవాబు కొంచెం పొడుగు.

ప్రతి కారుకూ కప్పు మీద ఎంత బరువు పెట్టొచ్చో కంపెనీ లెక్క కట్టి పెడుతుంది. బండితో ఇచ్చే మాన్యువల్‌లో అది ఉంటుంది. చాలా కార్లకు 50 నుంచి 75 కిలోల మధ్య. మామూలుగా ఆ అంకెలో కేరియర్ బరువు కూడా కలిసే ఉంటుంది. ఇది తెలిసినవాళ్లు తక్కువ. అంగుళం గుండ్రపు పైపు, 16 గేజిది, మీటరుకు కిలో కంటే కాస్త తక్కువ తూగుతుంది. ఒక మోస్తరు కేరియర్‌కు ఇరవై మీటర్ల పైపు పడితే ఉత్త ఇనుమే దాదాపు 20 కిలోలు. కప్పుకు 50 కిలోల పరిమితి ఉన్న కారైతే ఇక మిగిలింది 30. ఒక పాతిక కిలోల బియ్యం బస్తా వేస్తే అయిపోయింది. "పెద్దగ, గట్టిగ" చేయించుకున్నకొద్దీ సామానుకు మిగిలేది తగ్గుతుంది. కేరియర్ వంద కిలోలు మోస్తుంది, నిజమే. కింద ఉన్న కప్పు మోయదు.

రేకు సొట్టపోవడం ఒక్కటే భయం అనుకుంటారు. అసలు భయం మలుపులో, బ్రేకులో. బరువు ఎంత ఎత్తున ఉంటే బండి అంత ఒరుగుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు కొడితే, కప్పు మీదున్న 50 కిలోల సామాను సుమారు 40 కిలోల బలంతో ముందుకు తోసుకొస్తుంది. 44 నంబరు హైవే మీద ముందర పోయే లారీ ఒక్కసారిగా ఆగితే ఆ తోపు మొత్తం కేరియర్‌ను పట్టుకున్న నాలుగు క్లాంపుల మీద పడుతుంది.

అందుకని కేరియర్ ఎట్లా ఉందన్న దానికన్నా అది దేన్ని పట్టుకుందో ముందు చూడాలి. అంబాసిడర్, ఓమ్ని, బొలెరో లాంటి బండ్లకు కప్పు అంచు పొడుగునా గట్టర్ ఉంటుంది. వాననీళ్లు జారిపోయే ఆ ఇనుప అంచుకు క్లాంపు బిగిస్తే ఉడుంపట్టే. ఇప్పటి కార్లలో చాలావాటికి గట్టర్ లేదు. కొన్నింటికి రూఫ్ రెయిల్స్ ఉంటాయి. వాటిలోనూ బాడీకి బోల్టులతో బిగించినవి వేరు, అందానికి అతికించినవి వేరు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి. అతికించిన రెయిల్‌కు కేరియర్ కట్టమంటే నేను కట్టను. ఎంత డబ్బిచ్చినా కట్టను. మీ రెయిల్ ఏ రకమో మాన్యువల్ చూసి గాని, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగి గాని తెలుసుకున్నాకే మాలాంటి వాళ్ల దగ్గరకు రండి. రెయిల్సే లేని కార్లకు తలుపు చట్రాన్ని పట్టుకునే క్లాంపులతో అడ్డరాడ్లు దొరుకుతాయి. అవి మీ కారు మోడల్‌కు చేసినవే కావాలి.

ఇనుప కేరియర్ వద్దనుకునేవాళ్లకు ప్లాస్టిక్ రూఫ్ బాక్సులున్నాయి. థూలే అనే స్వీడన్ కంపెనీ 1942లో మొదలైంది. మంచు మీద జారే ఆటకు పోయేవాళ్లు స్కీలు కారు మీద పెట్టుకోవడానికి చేసిన రాక్‌లతో దానికి పేరొచ్చింది. నేటికీ చాలా బాక్సులు స్కీలు పట్టేంత పొడుగ్గా, ఎత్తు తక్కువగా ఉంటాయి. బట్టల బ్యాగులకు దివ్యంగా ఉంటాయి, వాన పడదు, తాళం పడుతుంది. పది మందికి వండే గంజు మాత్రం అందులో పట్టదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు తిరుపతికో షిర్డీకో పోయేవాళ్లకు మడతపెట్టి దాచుకునే గుడ్డ బ్యాగు చాలు. దానిలోకి నీళ్లు దిగేది జిప్పు దగ్గరే, కాబట్టి వానాకాలం లోపలి బట్టలకు మళ్లీ ప్లాస్టిక్ కవరు చుట్టాలి.

ఎత్తు కూడా చూసుకోండి. ఎర్టిగా 1690 మిల్లీమీటర్లు. మీద రాడ్లు, బాక్సు కలిపితే రెండు మీటర్లు దాటుతుంది. హైదరాబాద్‌లో చుట్టాల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగేముందు గోడ మీది ఎత్తు బోర్డు చదవాలి. కొత్త ఎత్తును ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అతికించుకుంటే మేలు. సామాను పక్కలకు, వెనక్కి, ముందుకు, పైకి పరిమితి దాటితే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా. సామాను దింపించే ఖర్చూ మనదే. మనుషులను కప్పు మీద ఎక్కించడం ఎప్పటినుంచో నేరమే, 123వ సెక్షన్ చదవండి. జాతర తొవ్వలో కుర్రాళ్లు కేరియర్ మీద కూచుని పోతుంటే నాకు కడుపులో తిప్పుతుంది. నేను చేసిన ప్రతి కేరియర్ సామాను కోసం చేసిందే.

బొలెరో వెనక తలుపుకు స్టెప్నీ ఉంటుంది కదా, దానికే ఇంకో స్టాండు తగిలించి డబ్బాలు కట్టమంటారు కొందరు. ఆ తలుపు కబ్జాలు స్టెప్నీ బరువు లెక్క చూసి పెట్టినవి. గుంతల రోడ్డులో ఆ అదనపు బరువు ఊగి ఊగి కబ్జాలను వదులు చేస్తుంది. పైగా నంబరు ప్లేటు, బ్రేకు లైట్లు కనబడకుండా పోతాయి.

మోటారు సైకిల్‌కు వెనక పెట్టే డబ్బాకు 2020లో కేంద్రం కొలతలిచ్చింది: పొడవు 55, వెడల్పు 51, ఎత్తు 50 సెంటీమీటర్లు మించరాదు. డబ్బా వెనక సీటు మీద పెడితే ఇంకో మనిషిని ఎక్కించుకోకూడదు. బండికి రెండు వైపులా క్యాన్లు తగిలించుకుని ఊళ్లు తిరిగే పాలవాళ్లు డబ్బా అమ్మేవాళ్ల కంటే బాగా తెలిసినవాళ్లు. 20 లీటర్ల నిండు క్యాను ఒక వైపు, ఖాళీది ఒక వైపు ఉంటే హ్యాండిల్ గుంజుతుంది. వాళ్లు ఈ క్యానులోంచి కొన్ని, ఆ క్యానులోంచి కొన్ని పోస్తూ పోతారు.

కట్టడం సంగతి. హుక్కులున్న రబ్బరు తాళ్లు సామానుకు వాడొద్దు. సాగుతాయి, తెగితే హుక్కు కంట్లోకే వస్తుంది. నైలాన్ తాడు కూడా లాగినకొద్దీ సాగుతుంది. రాచెట్ బెల్టులు మంచివి. బెల్టును ఒక మెలిక తిప్పి బిగిస్తే గాలికి రొద చేయదు. బరువైనవి మధ్యలో, అట్టడుగున, తేలికవి చుట్టూ. టార్పాలిన్ ముందు అంచు సామాను కిందికి మడిచి కట్టాలి, లేకపోతే గాలి లోపలికి దూరి గొడుగులా లేపుతుంది. చేగుంటలో బయలుదేరితే తూప్రాన్‌లోనో, అటు పోతే రామాయంపేటలోనో దిగి బెల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి. మొదటి కాసేపటిలోనే సామాను సర్దుకుని కట్లు వదులవుతాయి.

నేను కేరియర్‌ను కారుకు వెల్డ్ చేయను. 13 నంబరు స్పానర్‌తో విప్పుకునే బోల్టులే పెడతాను, పని అయ్యాక దాన్ని తీసేయాలి కాబట్టి. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది: 80లో పోయేటప్పటికంటే 100లో అది ఒకటిన్నర రెట్లకు పైనే. కప్పు మీద పెద్ద బాక్సు ఉంటే హైవే మీద మైలేజీ 6 నుంచి 17 శాతం దాకా, గంటకు 105 నుంచి 120 కిలోమీటర్ల వేగంలో 10 నుంచి 25 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. ఖాళీ కేరియర్ కూడా గాలిని అడ్డుకుంటూనే ఉంటుంది. జాతర నుంచి వచ్చిన వారమే షాపు దగ్గర ఆగండి, విప్పి ఇస్తాను. దానికి డబ్బులు తీసుకోను.