చిల్లు లేని బకెట్ నుంచి కారిన సమాచారం

2006 మార్చి 14న అమెజాన్ సంస్థ ‘సింపుల్ స్టోరేజ్ సర్వీస్’ అనే సేవను ప్రారంభించడంతో, సొంతంగా సర్వర్లు కొని నడిపే స్తోమత లేని చిన్న సంస్థలు కూడా కావలసినంత నిల్వ స్థలాన్ని నెలవారీ అద్దెకు తీసుకోగలిగే వీలు కలిగింది. పేరులోని మూడు ‘ఎస్’ అక్షరాలను బట్టి ఎస్3 అని పిలిచే ఈ సేవలో ఒక గిగాబైట్ సమాచారాన్ని నెల రోజులు దాచినందుకు అప్పట్లో 15 అమెరికన్ సెంట్లు వసూలు చేసేవారు. 2021 నాటికి ఇందులో నూరు లక్షల కోట్లకు పైగా ఫైళ్లు చేరాయి. ఇంత విస్తరించిన ఈ సాధనం జీవితకథలో ఒక విచిత్రం ఉంది. దీని పేరుతో ముడిపడిన పెద్ద సమాచార లీకేజీలలో చాలావాటికి తాళం పగలడం కారణం కాదు, తాళం వేయకపోవడమే కారణం.

ఎస్3లో సమాచారాన్ని దాచే పాత్రను ‘బకెట్’ అంటారు. బకెట్‌లో ఉంచే ప్రతి ఫైలుకూ ‘కీ’ అనే పేరు ఉంటుంది. ఒక ఖాతాదారు తన బకెట్‌కు పెట్టుకున్న పేరును మరే ఖాతాదారూ పెట్టుకోవడానికి వీలుండదు, ఎందుకంటే ఆ పేరే ఇంటర్నెట్‌లో దాని చిరునామాలో భాగమవుతుంది. వెబ్ పేజీని తెరవడానికి బ్రౌజర్ ఏ భాషలో అడుగుతుందో బకెట్ కూడా అదే భాషలో జవాబిస్తుంది కనుక, ప్రపంచంలో ఎక్కడి నుంచైనా ఏ ప్రోగ్రామైనా దానితో మాట్లాడగలదు. ఈ సేవకు ఉన్న బలమూ ఇదే, బలహీనతా ఇదే. పాత పద్ధతిలో కార్యాలయపు సర్వర్ గదిలో ఒక ఫోల్డర్‌కు తప్పు అనుమతి ఇచ్చినా, బయటివారు దాన్ని చేరాలంటే సంస్థ నెట్‌వర్క్ అనే మరో గోడను దాటవలసి వచ్చేది. బకెట్ మాత్రం ప్రహరీ లేని ఇల్లు వంటిది, దాని గుమ్మం నేరుగా వీధిలోకే తెరుచుకుంటుంది.

అలాగని ఆ గుమ్మాన్ని తయారీదారు తెరిచిపెట్టి ఇవ్వలేదు. కొత్త బకెట్ మొదటినుంచీ యజమానికి మాత్రమే అందుబాటులో ఉండేది, ఇతరులకు అనుమతి కావాలంటే యజమాని స్వయంగా ఇవ్వాలి. అందుకోసం తొలి రోజుల్లో ‘యాక్సెస్ కంట్రోల్ లిస్ట్’ అనే అనుమతుల జాబితా ఉండేది. ఎవరు చదవవచ్చు, ఎవరు రాయవచ్చు అనే సంగతిని అందులో పేర్కొనేవారు. ఆ జాబితాలో ముందే తయారుచేసి పెట్టిన గుంపుల్లో ఒకటి ‘అందరూ’, మరొకటి ‘ధ్రువీకృత వాడుకదారులు’. ఈ రెండో పేరు చదివినవారికి తమ సంస్థలో లాగిన్ అయిన ఉద్యోగులనే అర్థం స్ఫురించేది. నిజానికి అమెజాన్ క్లౌడ్‌లో ఖాతా తెరిచిన ఎవరైనా, ఏ దేశంవారైనా, ఆ గుంపులోకే వస్తారు. పైగా జాబితా బకెట్‌కు ఒకటి, లోపలి ప్రతి ఫైలుకూ ఒకటి ఉండగలదు. 2010లో ‘బకెట్ పాలసీ’ అనే మరో నియమాల పత్రం వీటికి తోడైంది. అందులో వ్యక్తి పేరు రాయవలసిన చోట ఒక్క నక్షత్రపు గుర్తు పెడితే అది లోకమంతటికీ వర్తిస్తుంది. ఇలా ఒకే గదికి పలు తలుపులు ఏర్పడడంతో, ఒకటి మూసి ఇంకొకటి మరిచిపోవడం సులువైంది. వెబ్‌సైట్ బొమ్మల కోసమో, కాంట్రాక్టరుకు ఒక ఫైలు త్వరగా అందించడం కోసమో తాత్కాలికంగా తెరిచిన అనుమతి, పని ముగిశాక కూడా అలాగే ఉండిపోయేది.

తెరిచి ఉన్న బకెట్‌ను బయటివారు కనిపెట్టే తీరును కొంచెం దగ్గరగా చూస్తే సమస్య మరింత స్పష్టమవుతుంది. ఊహించిన పేరుతో చిరునామా తయారుచేసి పాస్‌వర్డ్ ఏదీ లేకుండా అడిగితే సాధారణంగా మూడు జవాబుల్లో ఒకటి వస్తుంది. 404 అనే సంఖ్య వస్తే ఆ పేరుతో బకెట్ లేదని అర్థం, 403 వస్తే బకెట్ ఉన్నది కాని ప్రవేశం లేదని అర్థం, 200 వచ్చిందంటే దానితోపాటు లోపలి ఫైళ్ల పేర్లు విడతకు 1,000 చొప్పున జాబితాగా వచ్చేస్తాయి. సంస్థల పేర్లకు ‘బ్యాకప్’, ‘టెస్ట్’ వంటి మాటలు జోడించి వేలాది పేర్లను యంత్రం చేత అడిగించడానికి పెద్ద నైపుణ్యం అవసరం లేదు. 2013లో ర్యాపిడ్7 అనే భద్రతా సంస్థ 12,328 బకెట్లను ఈ విధంగా పరిశీలించగా వాటిలో 1,951, అంటే దాదాపు ఆరింట ఒకటి, అందరికీ తెరిచి ఉన్నట్లు తేలింది. వాటిలో కనిపించిన ఫైళ్ల సంఖ్య 12,600 కోట్లు దాటింది.

ఆ హెచ్చరిక వచ్చిన నాలుగేళ్లకు దాని తీవ్రత ప్రజల దృష్టికి వచ్చింది. 2017 జూన్‌లో అప్‌గార్డ్ సంస్థ పరిశోధకులు, అమెరికాలోని రిపబ్లికన్ పార్టీ కోసం పనిచేసిన డీప్ రూట్ అనలిటిక్స్ సంస్థ బకెట్‌లో 19.8 కోట్ల మంది ఓటర్ల పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్న 1.1 టెరాబైట్ల సమాచారం పాస్‌వర్డ్ లేకుండానే దించుకొనే స్థితిలో ఉండడాన్ని గమనించారు. చదివే అనుమతి లీకేజీకి దారి తీస్తే, రాసే అనుమతి అంతకంటే ప్రమాదకరం కాగలదు. ఎవరైనా రాయగలిగేలా వదిలేసిన బకెట్లలోని స్క్రిప్టులకు, కొనుగోలుదారుల కార్డు వివరాలను దొంగిలించే కోడ్‌ను చేర్చి నేరగాళ్లు 17,000కు పైగా వెబ్‌సైట్ల చిరునామాలకు చేరారని 2019లో రిస్క్‌ఐక్యూ సంస్థ వెల్లడించింది.

ఈ అనుభవాలు యంత్రం రూపాన్నే మార్చాయి. 2017 నవంబరులో, అందరికీ తెరిచి ఉన్న బకెట్ పక్కన నారింజ రంగు గుర్తు కనిపించే ఏర్పాటు చేశారు. ఏడాది తరువాత ‘బ్లాక్ పబ్లిక్ యాక్సెస్’ అనే అడ్డుగడియ వచ్చింది. దీన్ని వేస్తే జాబితాలోగాని పాలసీలోగాని ఎవరు పొరపాటున ‘అందరికీ’ అని రాసినా ఆ మాట చెల్లదు. అయితే ఈ గడియను ఎవరికి వారు గుర్తుంచుకొని వేసుకోవలసి వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి మాత్రమే కొత్త బకెట్లన్నిటికీ అది ముందే వేసి ఉంటోంది, పాత అనుమతుల జాబితా కూడా పనిచేయకుండా ఉంటోంది. అదే ఏడాది జనవరి నుంచి ప్రతి కొత్త ఫైలూ తనంతట తానే గుప్తలిపిలోకి మారి నిల్వ అవుతోంది కాని, ఆ రక్షణను ఎక్కువగా అంచనా వేయకూడదు. అనుమతి ఉన్నవారు అడిగినప్పుడు సర్వరే ఆ లిపిని విప్పి ఇస్తుంది కనుక, ‘అందరికీ’ అనుమతి ఉన్న చోట మామూలు గుప్తీకరణ డిస్కును దొంగిలించినవాడిని ఆపుతుందేగాని గుమ్మంలోంచి వచ్చినవాడిని ఆపదు.

ఒక తలుపుకు గడియ పడినంత మాత్రాన పొరపాట్లు ఆగలేదు. మైక్రోసాఫ్ట్ వారి ఆజ్యూర్ నిల్వలో, సంతకం చేసిన లింకు ద్వారా ఫైళ్లను పంచుకొనే పద్ధతి ఉంది. ఆ సంస్థ కృత్రిమ మేధ పరిశోధకులు బహిరంగంగా ఉంచిన అటువంటి లింకు, కొన్ని ఫైళ్లకు బదులు మొత్తం నిల్వ ఖాతాపై పూర్తి అధికారం ఇస్తోందని, 38 టెరాబైట్ల అంతర్గత సమాచారం బయటపడిందని విజ్ అనే సంస్థ 2023లో బయటపెట్టింది. ఆ లింకుకు గడువును 2051 వరకు పెట్టారు.

భారతదేశంలోనూ ఈ చరిత్రకు ఒక అధ్యాయం ఉంది. భీమ్ చెల్లింపుల ప్రచారం కోసం ఏర్పరచిన ఒక వెబ్‌సైట్‌కు చెందిన ఎస్3 బకెట్‌లో ఆధార్ కార్డుల ప్రతులతో సహా సుమారు 72.6 లక్షల రికార్డులు తెరిచి ఉన్నాయని 2020లో వీపీఎన్‌మెంటర్ పరిశోధకులు ప్రకటించారు. భీమ్ యాప్ సమాచారానికి భంగం కలగలేదని దాన్ని నిర్వహించే జాతీయ చెల్లింపుల సంస్థ వివరణ ఇచ్చింది. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాల సముదాయాన్ని హైదరాబాద్‌లో ప్రారంభించినందున, తెలుగు నేలమీది డిస్కుల్లోనే బకెట్లు ఉండే వీలు కలిగింది. డిస్కు ఎంత దగ్గరగా ఉన్నా అనుమతి ‘అందరికీ’ అని ఉంటే దూరం రక్షణ కాదు. భవనాన్ని, యంత్రాలను కాపాడే పూచీ అద్దెకిచ్చేవారిది, ఎవరిని లోపలికి రానివ్వాలో నిర్ణయించే పూచీ అద్దెకు తీసుకున్నవారిది అన్నది క్లౌడ్ వ్యాపారపు మూల ఒప్పందం. భారత పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా ఆ దిశగానే సాగి, సమాచారాన్ని సేకరించిన సంస్థ తగిన జాగ్రత్త తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది.

ఎస్3 తనకు చెప్పిన మాటను ఎన్నడూ జవదాటలేదు, ‘అందరికీ’ అంటే అందరికీ ఇచ్చింది. ఆ విధేయత వల్ల కలిగే హానిని తగ్గించడానికి, యజమాని మాటకు కూడా అడ్డం చెప్పగల గడియను యంత్రంలోనే అమర్చి, దాన్ని ముందే వేసి ఇవ్వడానికి పదిహేడేళ్లు పట్టింది. అంతకుముందు పుట్టిన బకెట్లు తమ పాత అమరికలతోనే కొనసాగుతున్నాయి కనుక, వాటి యజమానులు ఏ పాస్‌వర్డూ లేకుండా, పరాయివారిలా తమ చిరునామాను తామే ఒకసారి అడిగి చూడటం మంచిది. అప్పుడు 403 అనే తిరస్కారమే జవాబుగా రావాలి.