బీట్ బాగుంది, మాట కాలుతుంది

కష్టకాలంలో పాట ఎలా ఉండాలి? మా మెదక్‌లో ఎవరినడిగినా గద్దర్ పేరే చెప్తారు. ఆయన పుట్టిన తూప్రాన్ మా జిల్లాయే. ఇంజినీరింగ్ చదువు మధ్యలో వదిలేసి, గొంగడి భుజాన వేసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని పాటెత్తుకున్నాడు. 1997లో దుండగులు కాల్పులు జరిపితే ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. 2023లో చనిపోయేదాకా పాట మాత్రం ఆగలేదు. ఆ పాటల్లో శత్రువు ఎవరో స్పష్టంగా తెలుస్తుంది: దొర, పోలీసు, సర్కారు. వినేవాడు ఎప్పుడూ ఇవతలి పక్షమే.

అవి వింటూ పెరిగినవాణ్ని కాబట్టే 'హోప్‌లెస్‌నెస్' ఆల్బమ్ నాకు చుర్రుమని తగిలింది. అందులో వినేవాడికి ఇవతలి పక్షమే దొరకదు.

పాడింది అనోని. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన ట్రాన్స్ మహిళ. 'ఆంటోనీ అండ్ ది జాన్సన్స్' బృందంతో పియానో మీద మెల్లగా సాగే పాటలు పాడి, 2005లో బ్రిటన్‌లో మెర్క్యురీ ప్రైజ్ గెలిచింది. 2016 మేలో వచ్చిన ఈ ఆల్బమ్‌లో మాత్రం ఆ పియానోను పక్కన పెట్టేసింది. హడ్సన్ మోహాక్, వన్‌ఓట్రిక్స్ పాయింట్ నెవర్ అనే ఇద్దరు ఎలక్ట్రానిక్ సంగీతకారులు (పేర్లు నోరు తిరగకపోతే వదిలేయండి) ఆమెతో కలిసి సింథసైజర్లు, గుండెల మీద గుద్దే డ్రమ్ములు పేర్చారు.

మొదటి పాట 'డ్రోన్ బాంబ్ మీ'. డ్రోన్ దాడిలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న అఫ్ఘానిస్థాన్ చిన్నపిల్ల గొంతుతో సాగుతుంది. తననూ తీసుకుపొమ్మని ఆ డ్రోన్‌నే బతిమాలుతుంది. ట్యూన్ మాత్రం అచ్చం ప్రేమపాట. తెలీకుండా వింటే తల ఊపేస్తాం. మాట అర్థమయ్యాక ఆ ఊపినందుకు సిగ్గేస్తుంది. ఆమెకు కావల్సింది అదేనేమో.

'4 డిగ్రీస్' ఇంకా ఘాటు. 2015 చివర్లో, ప్యారిస్ వాతావరణ సదస్సు వేళ విడుదలైంది. లోకం కాలిపోతుంటే చూడాలని సరదాగా ఉందన్నట్టు పాడుతుంది. మాటల్లో మనమంతా భూమిని కాపాడాలంటాం. మన కరెంటు బిల్లులు, విమాన టికెట్లు అసలు ఏం కోరుకుంటున్నాయో ఆమె దాచకుండా పైకి అనేసింది, అంతే. మే నెలలో, బయట నలభై దాటిన ఎండ, లోపల ఏసీ కింద వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తూ విన్నానీ పాట. రిమోట్ చేతిలోకి తీసుకున్నా గానీ ఏసీ ఆపలేదు.

'వాచ్ మీ' నా ఉద్యోగానికి మరీ దగ్గర. మన ప్రతి కదలికనూ కనిపెట్టి ఉండే నిఘా వ్యవస్థను ముద్దుగా 'నాన్నా' అని పిలుస్తుంది. యాప్‌లో ఎవరు ఏ పేజీ దగ్గర ఎంతసేపు ఆగారో రాసిపెట్టే లాగ్‌లు నేను రోజూ చూస్తా. మా భాషలో దాని పేరు 'యూజర్ ఎక్స్‌పీరియెన్స్'. ఇప్పుడు మీటింగులో ఆ మాట వస్తే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

అన్ని పాటలూ ఇంత బాగా లేవు. 'ఒబామా' మంత్రం చదివినట్టు ఒకే ధోరణిలో సాగి విసుగు తెప్పిస్తుంది. నమ్మి గెలిపించుకున్న నాయకుడి మీద నిరాశ మనకేం కొత్త?

దారి చూపించని పాట దేనికంటాడు మా ఫ్రెండొకడు. నిజమే, గద్దర్ పాటకు మైదానమంతా లేచేది. దీన్ని నేను ఇయర్‌ఫోన్లలో ఒక్కణ్నే వింటున్నా. కానీ ఈ కాలంలో మనుషుల్ని వెంటాడే యంత్రాలు కొన్ని నాలాంటివాళ్ల కీబోర్డుల్లోంచే వస్తున్నాయి. దొర ఎక్కడున్నాడో చూపించే పాట ఒక్కటే నాకిప్పుడు చాలదు.

వినాలనిపిస్తే 'క్రైసిస్'తో మొదలుపెట్టండి. పదేపదే క్షమాపణ అడిగే పాట అది. ఇంగ్లిష్ అంతంతమాత్రం వచ్చినా అర్థమవుతుంది.