సేంద్రియం, కర్బనం: అరకు కొండల్లో ఒక రసాయన పరిభాష

రసాయన శాస్త్రం సమ్మేళనాలను రెండు పెద్ద వర్గాలుగా విభజిస్తుంది. తెలుగులో వీటిని కర్బన, అకర్బన సమ్మేళనాలనీ, సేంద్రియ, నిరింద్రియ సమ్మేళనాలనీ రెండు విధాలుగా వ్యవహరిస్తున్నారు. రెండు జంటలూ ఒకే అర్థంలో వాడుకలో ఉన్నా అవి చూపే దిశలు వేరు. మొదటిది మూలకాన్ని పేర్కొంటుంది. రెండవది (స + ఇంద్రియ) జీవాన్ని స్ఫురింపజేస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు లోయలో ఈ తేడాకు అదనపు ప్రాధాన్యం ఉంది. అక్కడి కాఫీ తోటల్లో ‘సేంద్రియ’ అనేది పంట ధరతో ముడిపడిన మాట. ఆ తోటల నుంచి బడికి వచ్చే పిల్లలకు అదే మాట రసాయన పాఠంలోనూ ఎదురవుతుంది. వారిలో చాలామంది ఇంటి భాష ఆదివాసీ ఒడియా, కువి వంటిది కావడంతో సంస్కృత పదాన్ని విడదీసి శాస్త్రార్థాన్ని ఊహించుకోవడం వారికి సులభం కాదు.

‘సేంద్రియ’ అనే పేరు వెనుక 19వ శతాబ్దపు తొలినాటి యూరప్ భావన ఒకటి ఉంది. మొక్కల్లో, జంతువుల్లో లభించే పదార్థాలు ‘ప్రాణశక్తి’ వల్ల మాత్రమే ఏర్పడతాయనీ, వాటిని ప్రయోగశాలలో తయారు చేయలేమనీ బెర్జీలియస్ వంటి శాస్త్రవేత్తలు భావించారు. 1828లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్ అమ్మోనియం సయనేట్ అనే అకర్బన లవణం నుంచి యూరియాను పొందాడు. అంతవరకు యూరియా మూత్రంలో దొరికే పదార్థం. ఈ ఒక్క ప్రయోగంతో పాత నమ్మకం కూలిపోయిందని పాఠ్యపుస్తకాలు చెప్పడం కొంత అతిశయోక్తే. 1845లో కోల్బె ఎసిటిక్ ఆమ్లాన్ని మూలకాల నుంచి తయారు చేసిన తరువాత గాని ఆ భావన బాగా బలహీనపడలేదు. భావన పోయినా పేరు మిగిలింది.

నేటి విభజనకు ఆధారం పుట్టుక కాదు, నిర్మాణం. కర్బన పరమాణువు నాలుగు సమయోజనీయ బంధాలను ఏర్పరుస్తుంది. తనతో తాను కలిసి గొలుసులుగా, వలయాలుగా అల్లుకుంటుంది. ఈ అల్లికల మీద నిర్మితమైన అసంఖ్యాక పదార్థాలే కర్బన సమ్మేళనాలు. వీటిలో అత్యధిక భాగానికి కర్బనం–హైడ్రోజన్ బంధం ఉంటుంది. అయితే దీన్ని అచ్చమైన నిర్వచనంగా తీసుకోలేము. యూరియాలో ఆ బంధమే లేదు, అయినా అది కర్బన సమ్మేళనం. మరోవైపు కార్బన్ డయాక్సైడ్, కార్బొనేట్లు, సయనైడ్లు, కార్బైడ్లు కర్బనాన్ని కలిగి ఉండి కూడా సంప్రదాయానుసారం అకర్బన వర్గంలోనే ఉన్నాయి.

ఈ మినహాయింపుకు అనంతగిరి మండలంలోని బొర్రా గుహలు మంచి నిదర్శనం. వాన నీరు మట్టిలోకి ఇంకుతూ, వేళ్లూ సూక్ష్మజీవులూ విడిచే కార్బన్ డయాక్సైడును కరిగించుకొని బలహీనమైన కార్బోనిక్ ఆమ్లమవుతుంది. అది సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేటును కాల్షియం బైకార్బొనేటుగా మార్చి కరిగిస్తుంది. గుహ పైకప్పు నుంచి చుక్క వేలాడేటప్పుడు కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోతుంది. కాల్షియం కార్బొనేటు తిరిగి రాయిగా పేరుకుంటుంది. సందర్శకులు శివలింగాలుగా, జంతువులుగా పోల్చుకొనే ఆకృతులన్నీ ఇలా ఏర్పడినవే. జీవుల ఊపిరి ఇందులో పాలుపంచుకుంది, కర్బనమూ ఉంది. ఆ రాయి మాత్రం అకర్బనమే. దాని నిర్మాణం కాల్షియం, కార్బొనేట్ అయాన్ల అమరిక. అందుకే అది సున్నంగా విడిపోవడానికి 800 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి కావాలి.

అరకు కాఫీ గింజ సంగతి వేరు. దానిలోని కెఫీన్, క్లోరోజెనిక్ ఆమ్లం, చక్కెరలు, కొవ్వులు కర్బన సమ్మేళనాలు. 200 డిగ్రీల ప్రాంతంలో వేయించగానే వీటిలో అనేకం విడిపోయి, ఒకదానితో ఒకటి చర్య జరిపి, పచ్చి గింజలో లేని వందలాది సువాసన పదార్థాలుగా మారతాయి. బొర్రా రాయి చలించని ఉష్ణోగ్రత వద్ద గింజ రంగూ రుచీ వాసనా మారిపోతున్నాయి.

చిక్కు తోట దగ్గర మొదలవుతుంది. సేంద్రియ సాగు నియమాలు రసాయన శాస్త్ర విభజనను అనుసరించవు. అవి పదార్థపు మూలాన్నీ ఉత్పత్తి విధానాన్నీ చూస్తాయి. కర్మాగారంలో తయారైన యూరియా రసాయన శాస్త్రంలో సేంద్రియం, సేంద్రియ సాగులో నిషిద్ధం. 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసిన ఎండోసల్ఫాన్ కూడా నిర్మాణరీత్యా కర్బన సమ్మేళనమే. ఇక కాఫీలో ఆకు తుప్పు తెగులుకు చల్లే బోర్డో మిశ్రమాన్ని మైలుతుత్తం, సున్నం కలిపి చేస్తారు. రెండూ అకర్బనాలే, అయినా సేంద్రియ సాగులో పరిమితులకు లోబడి దానికి అనుమతి ఉంది. ‘సేంద్రియమంటే రసాయనాలు లేనిది’ అన్న వాడుక మాట ఈ మూడు ఉదాహరణల ముందు నిలవదు. కాఫీ గింజే రసాయనాల పొట్లం.

ఈ కారణంగా రసాయన పాఠానికి ‘కర్బన’ పదాన్నీ, సాగుకు ‘సేంద్రియ’ పదాన్నీ కేటాయించుకోవడం మేలు. ‘కర్బన’ కూడా నిర్దుష్టం కాదు. ‘అకర్బన’ అన్న మాటను అక్షరార్థంలో తీసుకున్న విద్యార్థి బొర్రా రాయిలో కర్బనం లేదనుకుంటాడు. ఆ పొరపాటును తరగతి గదిలోనే సరిదిద్దవచ్చు: సున్నపురాయి ముక్క మీద నిమ్మరసం పిండితే పైకి వచ్చే బుడగలు, ఆ రాయిలో దాగిన కర్బనం కార్బన్ డయాక్సైడుగా బయటపడటమే.