ద్రవములను మరిగించి గుర్తించుట



రెండు సీసాలలో రెండు ద్రవములున్నవనుకొనుడు. రెండును నీటివలె తేటగా నుండును. నిప్పు సోకినచో రెండును మండును. వాసనయు నించుమించుగ నొక్కటియే. మొదటిది ఇథైల్ ఆల్కహాలు; సారాయికి మత్తు నిచ్చునది యిదియే. రెండవది మిథైల్ ఆల్కహాలు. కర్మాగారములలో రంగులకును, వార్నీషులకును, ఇతర రసాయనములను జేయుటకును దీనిని వాడుదురు. పూర్వము కట్టెలను మూసిన పాత్రలో గాల్చి యీ ద్రవమును దీసెడివారు గనుక దీనికి కఱ్ఱసారాయి యను పేరును గలదు. దీనిని త్రాగినవానికి మొదట మత్తు మాత్రమే తోచును. 12 గంటలో, 24 గంటలో గడచిన పిదప నసలు కీడు బయలుపడును. శరీరములో నది ఫార్మిక్ ఆమ్లముగా మారును. కొన్ని జాతుల చీమల విషములో నుండునదియు నీ యామ్లమే. అది కంటినరమును జెఱచును. మోతాదు హెచ్చినచో ప్రాణమే తీయును. 2024వ సంవత్సరము జూను నెలలో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో నిట్టి విషము కలిసిన సారా త్రాగి 60 మందికి పైగా మరణించిరి. నాలుకయు ముక్కును ఈ విషమును పట్టి యియ్యజాలవు.

మఱి రసాయనశాస్త్రజ్ఞుడు దీని నెట్లు పట్టుకొనును? ఆతని చేతనున్న సాధనములలో మిక్కిలి పాతదియు, చౌకయైనదియు, నాకు మిక్కిలి యిష్టమైనదియు నొకటి గలదు. ద్రవమును మరిగించి, అది యెంత వేడిమికడ మరుగునో చూచుటయే యది. ఆ వేడిమిని మరుగుస్థానమందురు. సముద్రమట్టమున నీటికది సెంటీగ్రేడు 100 డిగ్రీలు; ఇథైల్ ఆల్కహాలునకు 78 డిగ్రీలకు కొంచె మెక్కువ; మిథైల్ ఆల్కహాలునకు సుమారు 65 డిగ్రీలు. కంటికి గానరాని భేదమును ధర్మామీటరు 13 డిగ్రీల దూరమున నిలిపి చూపుచున్నది.

మరుగుట యనగా నేమో ముందు చూతము. అన్నమునకు ఎసరు పెట్టినప్పుడు కొంతసేపటికి పాత్ర యడుగున చిన్నచిన్న బుడగలు కట్టును. అవి మరుగుటకు గుర్తు కావు. నీటిలో కరగియున్న గాలి వెలువడుటయే. ఇంకను కాగగా నీరు సన్నగ పాడును. అడుగున పుట్టిన యావిరిబుడగలు పైనున్న చల్లని నీటిలోనికి వచ్చి నలిగిపోవు చప్పుడది. తరువాత బుడగలు పైదాక వచ్చి నీరంతయు తెర్లును. నీటిపై మన చుట్టునున్న గాలి యెల్లప్పుడు నదుముచుండును. లోపల పుట్టిన యావిరి యొత్తిడి యా గాలి యొత్తిడికి సమమైనప్పుడే బుడగ నలగక నిలువగలదు. ఆ సమత కుదిరిన వేడిమియే మరుగుస్థానము. అటుపైన పొయ్యిలో నెన్ని కట్టెలు త్రోసినను నీటి వేడిమి 100 డిగ్రీలు దాటదు. తక్కిన వేడి యంతయు నీటిని ఆవిరిగ మార్చుటకే చెల్లిపోవును. ఎసరు తెర్లిన పిదప మంట తగ్గింపుమని మన యిండ్లలోని ముసలమ్మలు చెప్పుమాట శాస్త్రసమ్మతము. హెచ్చుమంటవలన కట్టెలు ఖర్చగునే గాని బియ్యము త్వరగా నుడుకదు.

ఇప్పుడు బెల్లము వండు పొయ్యికడకు రండు. చెఱకురసమును పెనములో కాచునప్పుడు వేడిమి యొక్కచోట నిలువదు. నీరు పోయినకొలది రసము చిక్కబడి, మరుగు వేడిమి హెచ్చుచు, 100 డిగ్రీలు దాటి, పెనము దింపునప్పటికి ఇంచుమించు 118 డిగ్రీల కెక్కును. పాకము చూచువాడు చన్నీళ్లలో చుక్క వేసి, వ్రేళ్లతో నదిమి, ఉండపాకము వచ్చినదని చెప్పును. ధర్మామీటరు లేకయే యాతడు మరుగుస్థానమును చదువుచున్నాడు! అరిసెలపాకమున నొక్క క్షణము ఏమరినచో నెంత భేదమగునో మీ యింటి స్త్రీల నడిగిన చెప్పుదురు. శుద్ధమైన ద్రవము మరుగుచున్నంతసేపు వేడిమి నిలుకడగ నుండును. కలగలుపైనచో సాధారణముగ మెల్లమెల్లగ నెక్కుచుండును. కావున మరుగుస్థానము వస్తువు పేరు చెప్పుటయే గాక దాని శుద్ధినిగూడ కొంతవఱకు తెలుపగలదు.

ప్రయోగశాలలో దీనికి వాడు పద్ధతులలో సివొలొబోవ్ అను రసాయనజ్ఞుడు 1886లో ప్రకటించినది యెంతో పొదుపైనది. కొన్ని చుక్కల ద్రవము చాలును. సన్నని గాజుగొట్టమున నా చుక్కలు పోసి, దానిలో అంతకంటె మిక్కిలి సన్నని మఱియొక గొట్టమును తలక్రిందుగా నిలుపుదురు. ఈ లోపలి గొట్టపు పైకొన కరగించి మూసినది, క్రిందికొన తెఱచినది. రెంటిని ధర్మామీటరు బుడ్డి ప్రక్కన కట్టి, నూనెపాత్రలో దింపి, నూనెను మెల్లగ కాచెదరు. సూటిగ మంట తగిలింపక నూనెలో కాచుట యెందులకనగా, వేడిమి అన్నివైపుల సమముగ సోకవలెను; మండు స్వభావముగల ద్రవము మంటకు దూరముగ నుండవలెను. మొదట లోపలి గొట్టము కొననుండి యొక్కొక్క బుడగ వచ్చును. అది గాలి. కొంతసేపటికి ముత్యాలదండవలె బుడగలు తెంపులేక వచ్చును. అప్పుడే వేడిమిని వ్రాసికొనుట కూడదు. మంట తీసివేయవలెను. నూనె చల్లారుచుండగా బుడగలు మందగించి, ఆగిపోయి, బయటి ద్రవము లోపలి గొట్టములోనికి ఎగబ్రాకుట కారంభించును. ఆ క్షణమున ధర్మామీటరు చూపు వేడిమియే మరుగుస్థానము. ఏలయన, లోపలి గొట్టమున నిప్పుడు గాలి లేదు. ద్రవముయొక్క యావిరి మాత్రమే యున్నది. ఆ యావిరి యొత్తిడియు బయటి గాలి యొత్తిడియు, త్రాసు ముల్లు నడుమ నిలిచినట్లు, సరితూగిన క్షణమది. ఈ పరీక్షను నేను లెక్కకు మించి చేసియున్నాను. ఆ ద్రవము పైకి ప్రాకుట చూచిన ప్రతిసారియు నాకు ముచ్చటగనే యుండును. ఒక్కసారి చేసి తృప్తిపడరాదు. రెండుమూడు మారులు చేసి, అంకెలొక డిగ్రీలోపల కలిసినప్పుడే నమ్మవలెను.

ద్రవము సమృద్ధిగ నున్నచో బట్టీవలె ఆవిరిని చల్లార్చి దింపుచు పరీక్షింతురు. అప్పుడు ద్రవము ఒక్కసారిగ నెగిరిపడకుండ రెండు మూడు పింగాణీ పెంకులు వేయుదురు. ధర్మామీటరు బుడ్డిని ద్రవములో ముంచక, ఆవిరి ప్రక్కగొట్టములోనికి మరలు చోట నుంచుదురు.

గాలి యొత్తిడి మాట మఱవరాదు. పైన చెప్పిన యంకెలు 760 మిల్లీమీటర్ల పాదరసమునకు సమమైన యొత్తిడికడ నిజము. కొండలెక్కినకొలది గాలి పలుచబడును. సుమారు 300 మీటర్లకు నీటి మరుగుస్థానము ఒక డిగ్రీ తగ్గును. 2,200 మీటర్లకు పైనున్న ఉదకమండలమున నీరు సుమారు 93 డిగ్రీలకే మరుగును. అందుచే నక్కడ కందిపప్పు మామూలు పాత్రలో త్వరగా నుడుకదు. ప్రెషరుకుక్కరు చేయు పని దీనికి తలక్రిందులు. లోపలి యొత్తిడిని పెంచి మరుగుస్థానమును 120 డిగ్రీల దరిదాపులకు నెక్కించును. కావున శాస్త్రజ్ఞుడు తాను చూచిన యంకె ప్రక్కన ఆనాటి గాలి యొత్తిడిని గూడ వ్రాయును. అది లేని యంకె సగము సాక్ష్యమే.

ఒత్తిడి సరిచూచినను ఈ పరీక్షకు హద్దులు గలవు. బెంజీను 80.1 డిగ్రీలకడ మరుగును, సైక్లోహెక్సేను 80.7 డిగ్రీలకడ. ఇంత చేరువైనవానిని విడమరచుటకు సాంద్రతను, కాంతిని వంచు గుణమును గూడ కొలువవలసివచ్చును. అంతకంటె చిత్రమైన దింకొకటి: ఇథైల్ ఆల్కహాలు నూటికి దాదాపు 96 పాళ్లు, నీరు 4 పాళ్లు కలిసినచో, ఆ కలగలుపు శుద్ధమైన ఆల్కహాలుకంటెను కొంచెము తక్కువ వేడిమికడ, ఒకే వస్తువువలె నిలుకడగ మరుగును. సామాన్యపు బట్టీ నెన్నిమారులు పెట్టినను ఆ చివరి నీరు విడిపోదు.

సారా కాచువారు కొందఱు, మొదట దిగినదానిని పారబోసితిమి, ఇక భయము లేదందురు. తక్కువ వేడిమికి మరుగునది ముందు దిగునను మాట వినుటకు సబబుగనే యున్నది. నేను దీనిని నమ్మవలదనియే చెప్పుదును. రెండు ఆల్కహాలులును నీరును కలిసియున్న పాత్రలో మూడింటి యావిరియు కలిసియే వెలువడుచుండును; మిథైల్ ఆల్కహాలు మొదటినుండి కడవఱకు కొంతకొంత దిగుచునే యుండును. కర్మాగారపు సరకును తెచ్చి తిన్నగ కలిపినచోట దింపుటయే లేదు గదా! అందువలన నిట్టి నమూనాలను నేడు గ్యాస్ క్రొమటోగ్రాఫు అను యంత్రముతో పరీక్షింతురు. నలుసంత ద్రవమును ఆవిరిచేసి, వెచ్చని పెట్టెలో చుట్టలుగానున్న పొడవైన సన్నగొట్టమునుండి వాయువుతో నడిపింతురు. మరుగుస్థానమును, గొట్టపు లోపూతతో నంటుకొను గుణమును బట్టి యొక్కొక్క వస్తువు ఒక్కొక్క సమయమున ఆవలికి చేరును. మిథైల్ ముందు, ఇథైల్ తరువాత. ఎంతెంత యున్నదియు తెలియును.

మీ గ్రామమున సారా త్రాగినవాడెవడైన మఱునాడు చూపు మసకబారినదనియో, కన్నులయెదుట మంచు కమ్మినట్లున్నదనియో, కడుపునొప్పియు నాయాసము గలవనియో చెప్పినచో, మత్తు దిగలేదని పండబెట్టవలదు. వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. విరుగుడు మందులు గలవు గాని, గంటలు గడచినకొలది వాని యుపయోగము తగ్గును. ఆతనితో గూడి త్రాగినవారిని, బాధ లేకున్నను, వెంట పంపుడు. సీసాలో మిగిలినదానిని పారబోయక, బిరడా బిగువుగ బిగించి అధికారుల కప్పగింపుడు. మూత వదులైనచో ఆల్కహాలు ఎగిరిపోవును.