కామెంటరీలో రాజకీయం ఎంతవరకు?

క్రీడా ప్రసారంలో బొమ్మ అందరికీ ఒకటే, మాట మాత్రం భాషకొకటి. మైదానం చుట్టూ ఉన్న కెమెరాలు తీసిన దృశ్యం మీదే తెలుగు, హిందీ, తమిళ, బెంగాలీ గొంతులు వేర్వేరుగా పలుకుతాయి. ఆ గొంతులు బంతి గురించి, బ్యాటు గురించి చెప్పి ఊరుకోవాలా, ఆట చుట్టూ ఉన్న రాజకీయాలనూ సమాజాన్నీ కూడా ప్రస్తావించాలా అన్న ప్రశ్న ఇంగ్లిష్ కామెంటరీ వినేవారికి పాతదే. తెలుగులో కామెంటరీ ఇంటింటికీ చేరిందే ఇటీవల కనుక ప్రశ్న కూడా కొత్తగా వచ్చింది. స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానెల్ 2018లో మొదలైంది. 2023 ఐపీఎల్‌ను జియో సినిమా 12 భాషల్లో ఉచితంగా చూపించింది, అందులో తెలుగు ఒకటి. పదేళ్ల కిందట పత్రికలో మర్నాడు చదివే విశ్లేషణ ఇప్పుడు బంతి పడిన క్షణంలోనే చెవిన పడుతోంది. ఆ గొంతు మీద నమ్మకమూ అంతే త్వరగా కుదురుతోంది.

తెలుగు కామెంటరీ వినేవారంతా రెండు తెలుగు రాష్ట్రాల్లోనే లేరు. అండమాన్ నికోబార్ దీవుల్లో 2011 జనగణన ప్రకారం దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి తరతరాలుగా వలస వచ్చినవారు వీరిలో ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 నుంచి శ్రీ విజయపురం అని పేరు. ఆ పట్నానికి సుమారు 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న సిప్పీఘాట్ లాంటి చోట తెలుగువాళ్ల పక్కింట్లో బెంగాలీ కుటుంబమో తమిళ కుటుంబమో ఉండటం మామూలు సంగతి. దీవులు దేశానికి బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం దేశమంతటితో సమానం. సాయంత్రం అయిదున్నర దాటితే పొద్దు గుంకుతుంది. ఏడున్నరకు ఐపీఎల్ మ్యాచ్‌లో తొలి బంతి పడేసరికి పొద్దు గుంకి దాదాపు రెండు గంటలవుతుంది.

ఇక్కడికి ఆట చేరిన దారి కూడా తెలుసుకోదగ్గది. 1963లో మొదలైన ఆకాశవాణి పోర్ట్ బ్లెయిర్ కేంద్రం, ఆ తర్వాత దూరదర్శన్, ఇంటి కప్పు మీద డిష్ యాంటెన్నా వరుసగా వచ్చాయి. ఫోనులో మ్యాచ్ చూడటం మాత్రం చాలాకాలం కష్టంగానే ఉండేది, ఎందుకంటే ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం మీదే నడిచేది. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రారంభించాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. ఇప్పుడు హైదరాబాద్‌లో వినిపించే తెలుగు కామెంటరీయే సిప్పీఘాట్‌లోనూ వినిపిస్తుంది. దాన్ని మలిచేది మాత్రం హైదరాబాద్, విశాఖ శ్రోతలను మనసులో పెట్టుకునే.

ప్రసారంలో ఎవరి మాట వినపడాలన్న చర్చకు భారతదేశంలో పునాది వేసింది ఒక క్రికెట్ టోర్నమెంటే. 1993 నవంబరులో బెంగాల్ క్రికెట్ సంఘం తన వజ్రోత్సవానికి హీరో కప్ నిర్వహించి, ప్రసార హక్కులను ఒక విదేశీ సంస్థకు ఇచ్చింది. దూరదర్శన్, కేంద్ర ప్రభుత్వం అడ్డు చెప్పాయి. వివాదం కోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చి చెప్పింది. ఆ ధర్మాసనంలో ఒకరైన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి విడిగా తన అభిప్రాయం రాస్తూ, ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత చెడ్డదో డబ్బున్న ప్రైవేటు సంస్థల గుత్తాధిపత్యం అంతకంటే ప్రమాదకరం కాగలదని హెచ్చరించారు. పౌరుడికి రకరకాల అభిప్రాయాలు వినే హక్కు ఉందన్నది ఆ తీర్పు సారం. క్రికెట్ కోసం మొదలైన వ్యాజ్యం శ్రోత హక్కు దగ్గర ముగిసింది. ఇప్పటి ప్రశ్నను కూడా ఆ హక్కు వైపు నుంచి చూడటమే సబబు. వ్యాఖ్యాతకు ఏం మాట్లాడాలని ఉందన్నది ఆ తర్వాతి మాట.

పార్టీ రాజకీయాల విషయంలో నియమాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆకాశవాణి ప్రసార నియమావళి మైకు ముందు కూర్చున్న ఎవరైనా సరే మిత్రదేశాలను విమర్శించకూడదని, మతాల మీద, వర్గాల మీద దాడి చేయకూడదని, రాజకీయ పార్టీని పేరుపెట్టి దుయ్యబట్టకూడదని చెబుతుంది. ప్రైవేటు ఛానెళ్లకు 1994 నాటి కేబుల్ టీవీ నియమాలున్నాయి. వాటిలో ఒకటి రాజకీయ ప్రకటనలను పూర్తిగా నిషేధించేది. 2004 ఎన్నికల సమయంలో దాన్ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిలిపివేసింది. జెమినీ టీవీ ప్రతివాదిగా ఉన్న ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే ఏడాది ఏప్రిల్ 13న, ముందుగా ధ్రువీకరణ పొందిన రాజకీయ ప్రకటనలను చూపవచ్చని కోర్టు ఆదేశించింది. ఓవర్ల మధ్య విరామంలో వచ్చే పార్టీ ప్రకటనకు అందువల్ల ఒక కమిటీ సంతకం కావాలి. ఓవర్ నడుస్తుండగా వ్యాఖ్యాత నోటివెంట ఒక నాయకుడి మీద జారిన పొగడ్తకు అలాంటి సంతకం ఏదీ అక్కర్లేదు. శ్రోత చెవికి మాత్రం ప్రకటన కంటే పొగడ్తే గట్టిగా తాకుతుంది, ఎందుకంటే అది తనకు నచ్చిన గొంతులోంచి వస్తుంది.

ఎన్నికల వేళ ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. 2024 ఐపీఎల్ మార్చి 22 నుంచి మే 26 వరకు సాగింది. అండమాన్ నికోబార్‌లోని ఏకైక లోక్‌సభ స్థానానికి పోలింగ్ ఏప్రిల్ 19న, రెండు తెలుగు రాష్ట్రాల్లో మే 13న జరిగింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ ప్రకారం, పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ఆ ప్రాంతంలో టీవీ ద్వారా ఎన్నికల విషయాలను చూపకూడదు. తెలుగు కామెంటరీ మాత్రం ఏప్రిల్ 18 రాత్రి కూడా విజయవాడలోనూ సిప్పీఘాట్‌లోనూ ఒక్కటే. ఒకచోట ప్రచారం జోరుగా సాగే రోజున మరోచోట ప్రచారం మూగబోవాలి. పైగా అండమాన్‌కు శాసనసభ లేదు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎవరు కావాలన్న చర్చ సిప్పీఘాట్ తెలుగువారికి ఆసక్తి కలిగించవచ్చు గానీ, వారికి అందులో ఓటు లేదు. తెలుగు శ్రోత అంటే తెలుగు రాష్ట్రాల ఓటరే అని తెలియకుండానే అనుకునే మాట, ఇలాంటి చోట చాలామందిని ఆట నుంచి బయటికి నెట్టేస్తుంది.

వ్యాఖ్యాతలే రాజకీయాల్లోకి వెళ్లినప్పుడు ఏం చేయాలి? మాజీ క్రికెటర్ అంబటి రాయుడు 2023 డిసెంబరు 28న వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరి, 2024 జనవరి 6న బయటికి వచ్చారు. తర్వాత జనసేనకు మద్దతుగా నిలిచారు. అదే వేసవిలో ఐపీఎల్ ప్రసారంలో వ్యాఖ్యాతగానూ కనిపించారు. పంజాబ్ రాజకీయాల్లో ఉన్న నవజ్యోత్ సింగ్ సిద్ధూ కూడా అదే సీజన్‌లో మైకు ముందుకు తిరిగొచ్చారు. ఆటగాడికి పౌరుడిగా పార్టీలో చేరే హక్కు ఉంది, ఆటను వివరించే అర్హత దానివల్ల పోదు. శ్రోతకు ఆ సంగతి తెలిసి ఉంటే చాలు, మిగిలింది మాట మీద అదుపు. ఛానెల్ ఎన్నికల కాలంలోనైనా తన వ్యాఖ్యాతల పార్టీ సంబంధాలను తెర మీద ఒక వాక్యంలో చెబితే గౌరవంగా ఉంటుంది.

పార్టీల సంగతి ఇంతవరకే. సమాజం సంగతి దీనికంటే చాలా పెద్దది, ఎందుకంటే అది కొన్నిసార్లు కామెంటరీ బాక్సులోంచి గాక మైదానంలోంచే వస్తుంది.

2021 జనవరి 10, సిడ్నీ. భారత్, ఆస్ట్రేలియా మూడో టెస్టు నాలుగో రోజు. టీ విరామానికి కాసేపటి ముందు హైదరాబాదీ బౌలర్ మహమ్మద్ సిరాజ్ ఒక ఓవర్ వేశాడు, అందులో కామెరాన్ గ్రీన్ రెండు సిక్సర్లు కొట్టాడు. ఓవర్ ముగించి బౌండరీ దగ్గర నిలబడిన సిరాజ్ కాసేపటికి వెనక్కి నడిచి, కెప్టెన్ అజింక్య రహానేకు, అంపైర్లకు ఏదో చెప్పాడు. ఆటగాళ్లంతా మధ్యలో గుమిగూడారు. ఆట ఆగిపోయింది. కెమెరా స్టాండ్స్ వైపు తిరిగింది. పోలీసులు ఆరుగురు ప్రేక్షకులను లేపి బయటికి తీసుకెళ్లారు. అంతకుముందు రోజే జాతి దూషణపై భారత జట్టు ఫిర్యాదు చేసింది. ఆ పర్యటనలో ఉండగానే సిరాజ్ తండ్రి, ఆటో నడిపి కొడుకును పెంచిన మనిషి, హైదరాబాద్‌లో కన్నుమూశాడు. అంత్యక్రియలకు వెళ్లకుండా జట్టుతోనే ఉండిపోయిన కుర్రాడు ఆ రోజు ఆ గీత దగ్గర నిలబడ్డాడు.

ఆ నిమిషాల్లో వ్యాఖ్యాత ఏం చెప్పాలి? రాజకీయం మాట్లాడకూడదన్న నియమం పెట్టుకుంటే ఏమీ చెప్పలేడు. ఆట ఎందుకు ఆగిందో చెప్పని కామెంటరీ తన పని తాను చేయనట్టే. ఇక్కడ జాత్యహంకారం గురించి మాట్లాడటం వార్త చెప్పడమే. కానీ తర్వాత జరిగింది కూడా గుర్తుంచుకోవాలి. భారత ఆటగాళ్లపై జాతి దూషణ నిజంగానే జరిగిందని క్రికెట్ ఆస్ట్రేలియా విచారణ ధ్రువీకరించింది. అయితే కెమెరాకు చిక్కి బయటికి వెళ్లిన ఆ ఆరుగురు అందుకు బాధ్యులు కారని కూడా తేల్చింది. ఆ క్షణంలో తెర మీద కనబడ్డ ముఖాలను చూపి దోషులని ముద్రవేసిన మాట ఏదైనా ఉంటే అది తప్పే అయ్యేది. కళ్ల ముందు జరిగింది చెప్పవచ్చు. ఎవరు చేశారన్నది విచారణకు వదిలేయాలి. ఈ తేడా తెలిసినవాడి చేతిలోనే మైకు ఉండాలి. ఎనిమిది రోజులకు బ్రిస్బేన్‌లో సిరాజ్ రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. ఆ అయిదు వికెట్ల విలువ సిడ్నీ సంగతి తెలిసినవారికే పూర్తిగా అర్థమవుతుంది.

సందర్భం చూసుకుని మాట్లాడటమంటే ఏమిటో అంతకు ఆరు నెలల ముందు ఇంగ్లండ్‌లో వ్యాఖ్యాత, వెస్టిండీస్ మాజీ బౌలర్ మైకేల్ హోల్డింగ్ చూపించారు. 2020 జులై 8న సౌతాంప్టన్‌లో ఇంగ్లండ్, వెస్టిండీస్ టెస్టు. కరోనా ఆపేసిన అంతర్జాతీయ క్రికెట్ ఖాళీ స్టేడియంలో మళ్లీ మొదలవుతోంది. నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ అమెరికాలో పోలీసు చేతిలో చనిపోయి ఆరు వారాలైంది. ఆట మొదలుకాకుండా వాన పట్టుకుంది. ఆ ఖాళీలో హోల్డింగ్ నల్లజాతివారి చరిత్రను బడిపుస్తకాలు ఎలా దాచిపెట్టాయో ఆగకుండా చెప్పుకుపోయారు. మర్నాడు వార్తా ఛానెల్‌లో తల్లిదండ్రులను తలచుకుని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆయన ఏ బంతికీ అడ్డం రాలేదు. వాన ఇచ్చిన సమయాన్ని వాడుకున్నారు, అదీ తన బతుకులోంచి మాట్లాడారు.

2022 ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచకప్ ప్రారంభమైన నవంబరు 20న బీబీసీ తన ప్రధాన ఛానెల్‌లో ప్రారంభోత్సవం బదులు స్టేడియాలు కట్టిన వలస కార్మికుల గురించి, మానవ హక్కుల గురించి చర్చ పెట్టింది. ఆటను పక్కనపెట్టారని కొందరు కోప్పడ్డారు. తెలుగు ప్రేక్షకుడికి ఈ చర్చ పరాయిది కాదు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కు కూలికి వెళ్లినవారి కుటుంబాలు ఊరూరా ఉన్నాయి, ఖతార్‌లో పనిచేసినవారూ అందులో ఉన్నారు. స్టేడియం ఎంత బాగుందో చెప్పే గొంతు, దాన్ని కట్టినవాడి పేరు కాకపోయినా ఊరైనా చెప్పగలిగితే అది ఆటకు అవమానమేమీ కాదు.

బీబీసీలోనే ఆ ప్రసారాన్ని నడిపించిన గ్యారీ లినెకర్, 2023 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వ శరణార్థి విధానాన్ని సోషల్ మీడియాలో విమర్శించి కొద్దిరోజులు పక్కన పడ్డారు. తోటి వ్యాఖ్యాతలు ఆయనకు తోడుగా తప్పుకోవడంతో మార్చి 11న ప్రసిద్ధ ఫుట్‌బాల్ కార్యక్రమం కామెంటరీ లేకుండానే 20 నిమిషాల్లో ముగిసింది. గోల్ పడుతోంది, జనం అరుస్తున్నారు, చెప్పేవాడు లేడు. వ్యాఖ్యాత తన సొంత ఖాతాలో రాసుకున్న మాటకు ప్రసారంలో శిక్ష వేయాలా అన్న చిక్కు అక్కడ తేలలేదు.

భారతదేశంలో మాత్రం భయం ఎక్కువగా మరో వైపు నుంచి వస్తుంది. ఇక్కడ మాట మీద అదుపు చాలాసార్లు ఆటను నడిపే సంస్థల చేతిలోనే ఉంది. జట్టు ఎంపిక, బోర్డు పాలన, అంపైర్ నిర్ణయ సమీక్ష పద్ధతి గురించి మాట్లాడకూడదన్న షరతులు నచ్చక ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ ఇయాన్ చాపెల్ భారత బోర్డు ఇవ్వజూపిన పనిని వదులుకున్నారు. 2016 ఐపీఎల్ ముందు వ్యాఖ్యాత హర్షా భోగ్లేను ఉన్నట్టుండి పక్కనపెట్టారు, కారణం బహిరంగంగా చెప్పలేదు. ఇలాంటి చోట మౌనమే అందరికంటే పెద్ద రాజకీయ వ్యాఖ్య అయిపోతుంది. దానికి తెలుగునేల మీదే ఉదాహరణ ఉంది. 2024 రంజీ సీజన్‌లో హనుమ విహారి ఆంధ్ర కెప్టెన్సీ వదులుకున్నప్పుడు వ్యక్తిగత కారణాలని చెప్పారు. ఫిబ్రవరి 26న ఇండోర్ క్వార్టర్ ఫైనల్‌లో మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో ఓడిన రోజున, ఒక రాజకీయ నాయకుడి కొడుకైన ఆటగాడిని తాను మందలించినందుకే తప్పుకోమన్నారని విహారి స్వయంగా రాశారు. ఆ ఆటగాడు ఆరోపణను ఖండించాడు. ఎవరి మాట నిజమన్నది వేరే సంగతి. కెప్టెన్ ఎందుకు మారాడన్నది ఆటలోని ప్రశ్నే. దాన్ని రెండు వైపులా వినిపించగల కామెంటరీ ఆంధ్ర క్రికెట్‌కు మేలు చేస్తుంది.

అండమాన్‌కు తిరిగొస్తే, ఈ దీవులు దేశానికి పేరు తెచ్చిన క్రీడ సైక్లింగ్. 2018లో జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీల్లో రజతం గెలిచిన ఎసో ఆల్బన్ ఇక్కడివాడే. దెబోరా హెరాల్డ్ 2004 డిసెంబరు 26 నాటి సునామీలో తొమ్మిదేళ్ల పిల్లగా బతికి బయటపడి, ట్రాక్ సైక్లింగ్ స్ప్రింట్‌లో దేశం తరఫున పోటీపడింది. ఆ సునామీకే సిప్పీఘాట్‌లో భూమి కుంగి, పల్లపు పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి నిలిచిపోయింది. వరి పండిన చోట చచ్చిన చెట్ల మోడులు ఏళ్ల తరబడి నీళ్లలో నిలబడ్డాయి. పునరావాసం, నష్టపరిహారం, పోయిన పొలం ఇవన్నీ రాజకీయ విషయాలే, దెబోరా కథ నుంచి వాటిని విడదీయలేం. చెప్పడానికి వేళ కూడా ఆ ఆటలోనే ఉంది. స్ప్రింట్‌లో ఇద్దరు సైక్లిస్టులు మొదట ఒకరినొకరు గమనిస్తూ దాదాపు నడక వేగంతో తిరుగుతారు, వ్యాఖ్యాతకు నిమిషం పైగా దొరుకుతుంది. సునామీ సంగతి, మునిగిన పొలాల సంగతి అప్పుడు చెప్పవచ్చు. చివరి 200 మీటర్లకు పట్టేది పది, పదకొండు సెకన్లు. అప్పుడు ఎవరు ముందున్నారో చెబితే చాలు.